ప్రక్కనుంచి వచ్చు వెలుగు



నేడు నేను ముచ్చటింపబూనిన విషయము ఛాయాగ్రహణమునకు సంబంధించినది. ఫోటో తీయునపుడు తళుక్కున మెఱయు దీపము కలదు గదా, దానిని ఫ్లాష్ అందురు. ఆ దీపమును కెమెరా నెత్తిమీద నుంచక, దూరముగా ఒక ప్రక్కన నిలిపి ప్రయోగించుట యెట్లో నేను అఱువదియేండ్లు దాటిన పిదప నేర్చుకొంటిని. జీవితమంతయు బాలురకు సంధులును సమాసములును చెప్పిన పంతులునకు ఈ పని యేల యని మీరడుగవచ్చును. మీ యూరి గుడిముంగిట అక్షరములు అరిగిపోయిన రాయి యొకటి యున్నయెడల, ఈ విషయము నాకెంత కావలసినదో మీకును అంత కావలసినదే. కావున కడవఱకు వినవలెనని ప్రార్థించుచున్నాను.

మా యూరి శివాలయము ముంగిట నాలుగు మూరల పొడుగుగల నల్లరాయి యొకటి నిలిచియున్నది. పైభాగమున సూర్యచంద్రుల గుఱుతులు కొంచెము తెలియును. క్రింద అక్షరములుండెనని మా తండ్రిగారు చెప్పెడివారు. నేను ఆ యూరనే ఉపాధ్యాయుడనై యుండగా ఒకనాడు సుద్దముక్కతో ఆ గీతలను దిద్దితిని. నాకు ‘గణపతి’ యని తోచినది. ఇంకేమున్నది, ఇది కాకతీయ గణపతిదేవచక్రవర్తి విజయశాసనమని నిశ్చయించితిని. ప్రతి సంవత్సరము పిల్లలను కొనిపోయి చూపి అట్లే చెప్పితిని. రాతిపై నున్న అక్షరమును నేను చదువలేదు. నేనూహించిన అక్షరమును నేనే వ్రాసి, దానిని చదివితిని. ఈ మాట పదిమందిలో ఒప్పుకొనుటకు నాకు ఇన్నేండ్లు పట్టినది.

క్రిందటి సంవత్సరము గుడికి జీర్ణోద్ధరణము తలపెట్టిరి. మా పెదతండ్రిగారి కుమారులు, మా అన్నగారు, ఆ సంఘమునకు పెద్దలు. క్రొత్త సోపానములకు రాళ్లు చాలలేదు. ఆ నల్లరాతిని చీల్చి రెండు మెట్లు చేయింతుమని నిర్ణయించిరి. నేను పరుగెత్తి పోయి అడ్డుపడితిని. ఆయన కోపింపక, “తమ్ముడూ! అక్షరమున్నదంటివి. చదివి చూపించుము. చూపింపలేకపోతివా, రాయి రాయియే గదా! శివరాత్రిలోగా మెట్లు పూర్తి కావలెను” అనిరి. అప్పటికి సంక్రాంతి వెళ్లి రెండు దినములైనది.

నాయొద్దనున్న చేతిఫోనుతో ఆ రాతికి పటము తీసితిని. ఎండలో తీసితిని, నీడలో తీసితిని, రాత్రివేళ దానికున్న దీపము వెలిగించి తీసితిని. అన్నింటను బల్లపరుపైన నల్లని పలక కానవచ్చెనే కాని గీత యొక్కటియు కానరాలేదు. అంతట నాకు పూర్వశిష్యు డొకడు జ్ఞప్తికి వచ్చెను. అతడు హైదరాబాదు నగరమున సినిమాలకు స్టిల్ ఫోటోగ్రాఫరుగా పనిచేయుచున్నాడు. మఱునాడే బస్సెక్కితిని.

జూబిలీహిల్సు, ఫిల్మ్‌నగరు అనునవి ఒకప్పుడు బండలగుట్టలు. మన చలనచిత్ర పరిశ్రమ బహుకాలము మదరాసున నుండి పిమ్మట క్రమముగా ఇచ్చటికి తరలివచ్చినది. అక్కినేని నాగేశ్వరరావుగారు 1976 లో ఈ ప్రాంతముననే అన్నపూర్ణా స్టూడియోను నెలకొల్పిరి. రామానాయుడుగారి స్టూడియో ఫిల్మ్‌నగరు గుట్టమీద నున్నది. పెద్దపెద్ద భవనముల నడుమ నేటికిని ఏనుగులవంటి బండలు అచ్చటచ్చట మిగిలియున్నవి. గుట్టదిగువ కృష్ణానగరున చిన్నచిన్న గదులలో, తెరమీద పేరు పడియు పడని పనివారు వేలకొలది కాపురముందురు. నా శిష్యుని నివాసమును అచ్చటనే.

నా మాట విని అతడు నవ్వలేదు. “మాస్టారూ, దీపము కంటిప్రక్కనే యుండుటచేత వచ్చిన చిక్కు ఇది. మొగముమీద నేర్చిన పనియే రాతిమీదను పనికివచ్చును. పదిదినములు నాయొద్ద నుండుడు” అనెను. నేను బెత్తము పట్టుకొని ఎక్కములు చెప్పించిన బాలుడు నాకు గురువయ్యెను. శిష్యునిచేత ఓడుట గురువునకు కీర్తియే యని పెద్దలందురు. ఓడిన దినమున ఆ మాటలోని సుఖము నాకు తెలిసినది.

మొదటి పాఠమునకు అతడు మనిషిని కూర్చుండబెట్టలేదు. ఇంటిలోని సన్నికల్లు తెచ్చి బల్లమీద నిలిపెను. దానికి అప్పుడే ఉలితో గంట్లు కొట్టించియున్నారు. కెమెరామీదనే ఫ్లాష్ తగిలించి పటము తీసి చూపెను. గంట్లు లేవు, నున్నని రాయి. పిమ్మట ఆ దీపమునే ఊడదీసి, చేయిచాచినంత దూరమున, రాతికి ఇంచుమించు సమతలముగా ఒక ప్రక్కన నిలిపి మరల తీసెను. ప్రతి గంటును లెక్కింపవచ్చునట్లు కానవచ్చెను.

కారణ మేమనగా: గంటు అనగా పల్లము. దీపము ఎదుటనుండి వచ్చునపుడు పల్లమునందును మిట్టయందును సమానముగా పడును. నీడ పడినను వస్తువు వెనుకకు పోయి కంటికి చాటగును. ప్రక్కనుండి వాలుగా వచ్చునపుడు పల్లమున కొకగోడ వెలుగును, రెండవగోడ నీడలో నుండును. ఆ వెలుగునీడల జంటయే మనకు ఆకారమగుచున్నది. కెమెరామీది ఫ్లాష్‌తో తీసిన పెండ్లిపటములలో మొగములు అప్పడములవలె చదునుగా నుండుట ఇందువలననే. కొందఱి కండ్లు ఎఱ్ఱగా నగుపడుటయు ఇందువలననే. కంటిలోనికి పోయిన వెలుగు, వెనుకనున్న నెత్తుటి పొరను తాకి, వచ్చిన త్రోవనే మరలివచ్చి కెమెరాలో పడును. దీపము కొంత తొలగెనేని ఆ దోషము పోవును.

ఇది మీకు తెలియని సంగతి కాదు. గర్భాలయములో అర్చకస్వామి హారతి నెత్తి ఒకచోట నిలుపడు. కుడిప్రక్కకు, ఎడమప్రక్కకు, పాదములకడకు, కిరీటముకడకు త్రిప్పును. త్రిప్పినకొలది నాసికయు, పెదవియు, కరములును వెలువడును. ఉదయమున ఏటవాలు ఎండలో దున్నినచేను సాళ్లు స్పష్టముగా తెలియును, మిట్టమధ్యాహ్నమున తెలియవు. తోలుబొమ్మలాటవారు దివ్వె నెచ్చట నుంచవలెనో యెఱిగియే ఆట సాగింతురు. నా శిష్యుడు చెప్పినది ఈ శాస్త్రమునకే లెక్కలు కట్టిన రూపము.

రెండవ పాఠము ఆ లెక్కలే. దీపము దూరమైనకొలది వెలుగు దూరము యొక్క వర్గము చొప్పున తగ్గును. ఒక గజము దూరమున పదాఱు పాళ్లు వెలుగనుకొన్న, రెండు గజముల దూరమున నాలుగు పాళ్లు, నాలుగు గజముల దూరమున ఒక్క పాలు. కెమెరాకు వెలుగు చొచ్చు రంధ్రము కలదు. దాని మెట్లకు 2, 2.8, 4, 5.6, 8, 11, 16 అని సంఖ్యలు. సంఖ్య పెరిగిన రంధ్రము చిన్నదగును; ఒక్కొక్క మెట్టునకు వెలుగు సగమగును. ఒక గజము దూరమున 16 సంఖ్యతో పటము సరిగా వచ్చినయెడల, నాలుగు గజముల దూరమున 4 సంఖ్య పెట్టవలెను. దూరమును సంఖ్యచే గుణించిన రెండు చోట్లను 16 యే వచ్చును. ప్రతి ఫ్లాష్‌నకు ఇట్టి గుణకమొకటి యుండును. వాలుగా పడు వెలుగునకు మాత్రము ఒకటి రెండు మెట్లు సవరించుకొనవలసి యుండును.

మూడవ పాఠము నన్ను మిక్కిలి ఆశ్చర్యపఱచినది. పటము తీయునపుడు రెండు వెలుగులు కలసి పనిచేయును: ఒకటి సహజముగా నున్న వెలుగు, రెండవది మనము తెచ్చిన మెఱుపు. మెఱుపు నిలుచుకాలము సెకనులో వేయవవంతు, కొన్నిసార్లు అంతకంటె తక్కువ. కెమెరాకన్ను తెఱచియుండు కాలమును పెంచినను తగ్గించినను మెఱుపు మాఱదు. సహజమైన వెలుగు మాత్రము మాఱును. కావున కంటి కాలముతో పరిసరములను, రంధ్రముతోను దూరముతోను మెఱుపును వేఱువేఱుగా ఏలవచ్చును. అయితే పెక్కు కెమెరాలయందు సెకనులో 200 లేక 250 వ వంతుకంటె త్వరితముగా మూసినచో తెర అడ్డుపడి పటములో కొంతభాగము నల్లబడును. నేను మొదటిదినము చేసిన పటములన్నియు సగము నలుపే. అతడు కోపింపక, “మఱల తీయుడు మాస్టారూ” అనెను. నేను ఎక్కము తప్పిన పిల్లవానితో అంత ఓర్పుగా మాటాడితినా యని తలచుకొని సిగ్గుపడితిని.

దూరమున నున్న దీపమునకు కెమెరా ఆజ్ఞ యెట్లు చేరునని అడిగితిని. మీరిప్పుడు నా మాట లెట్లు వినుచున్నారో అట్లే. కెమెరాపై చిన్న ప్రసారయంత్రమును, దీపముక్రింద గ్రాహకయంత్రమును ఉండును. మీట నొక్కినతోడనే రేడియోతరంగము పోయి దీపమును వెలిగించును. దీపపుబుడ్డిలో జెనాను అను వాయువుండును. కెపాసిటరు అను భాగములో కూడబెట్టిన విద్యుత్తు ఒక్కమారు దాని గుండ ప్రవహించి మెఱయును. ఆ విద్యుత్తు ఇంచుమించు 300 వోల్టులు. బ్యాటరీలు తీసివేసినను అది కొంతకాలము నిలిచియుండును గనుక, ఫ్లాష్ యంత్రమును ఇంటిలో విప్పి చూడరాదు.

ఇంత సులభముగా మెఱుపు చేతికి రాకముందు పెద్దలు పడిన పాట్లు చాలకలవు. 1887 లో జర్మనీ దేశస్థులు మీత్, గేడికె అనువారు మెగ్నీషియము కలిపిన మెఱుపుపొడిని కనిపెట్టిరి. అమెరికాలో జేకబ్ రీస్ అను పత్రికావిలేఖరి ఆ పొడిని మండించి న్యూయార్కు నగరపు బీదల చీకటిగదులకు పటములు తీసి, 1890 లో పుస్తకముగా ప్రకటించెను. ఆ ప్రయత్నమున తాను రెండుమార్లు ఇంటికిని, ఒకమారు తనకును నిప్పంటించుకొంటినని ఆయనయే వ్రాసికొనెను. విద్యుత్తుతో మఱల మఱల మెఱయు దీపమును 1931 ప్రాంతమున అమెరికాలోనే హెరాల్డ్ ఎడ్జర్టన్ అను ఆచార్యుడు సాధించెను.

మన హైదరాబాదునకు ఈ కళలో గొప్ప పేరుగలదు. లాలా దీనదయాళ్ 1886 లో సికిందరాబాదున స్టూడియో పెట్టిరి. ఆరవ నిజామగు మహబూబ్ అలీఖాన్ ఆయనను ఆస్థాన ఛాయాచిత్రకారునిగా గౌరవించి 1894 లో ‘రాజా ముసవ్విర్ జంగ్’ అను బిరుదు నొసగిరి. ఇక సినిమాకళలో 1957 నాటి ‘మాయాబజారు’నకు ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్‌ట్లీ. అందలి నౌకావిహారఘట్టమునందలి వెన్నెల ఆయన దీపములతో సృష్టించినదే యని నా శిష్యుడు చెప్పెను. నేను ఆ చిత్రమును ఎన్నిమార్లో చూచితిని. వెన్నెల నిజమైనదనియే తలచితిని.

పదిదినములును ఇట్లు గడచినవి. మొగముల విషయమున అతడు నేర్పినది ఒక్కమాటలో చెప్పెదను: దీపము కంటికి నలుబదియైదు భాగల కోణమున, తలకంటె కొంచెము ఎత్తున నుండవలెను, దానికి తెల్లని గొడుగు అడ్డుపెట్టిన నీడలు మెత్తబడును. రాతి విషయమున అంతయు విపరీతము. గొడుగు కూడదు, నీడ పదునుగా నుండవలెను; కోణము పది పదిహేను భాగలకు మించరాదు. తిరిగివచ్చునపుడు అతడు తన పాత ఫ్లాష్‌ను, కెమెరాను నాచేత పెట్టి, “గురుదక్షిణ యనుకొనుడు మాస్టారూ, రాయి నిలిచిన పిదప తిరిగి తెండు” అనెను.

ఊరు చేరి చీకటిపడిన పిమ్మట గుడికి పోయితిని. సహజమైన వెలుగు లేకుండుటయే మేలు. కెమెరాను ముక్కాలిపీటపై రాతికి ఎదురుగా బిగించితిని. దీపము పట్టుకొనుటకు మనిషి కావలెను. మా అన్నగారు వచ్చి కూర్చుండియుండిరి. “ఎచ్చట పట్టుకొనవలెను రా?” అని తామే దీపము నందుకొనిరి.

మొదట ఒక గజము దూరమున పట్టించితిని. ఆ రాయి గజము వెడల్పు. దీపము దగ్గఱి అంచు తెల్లబోయినది, ఆవలి అంచు చీకటి. లెక్క జ్ఞప్తికి వచ్చినది: దగ్గఱి అంచునకు ఒక గజము, ఆవలి అంచునకు రెండు గజములు, వెలుగు నాల్గవవంతు. అన్నగారిని వెనుకకు నడువుమంటిని. నాలుగు గజముల దూరమున నిలిచిరి. ఇప్పుడు దూరములు నాలుగును ఐదును. వర్గములు పదాఱును ఇరువదియైదును. ఆవలి అంచున ఇంచుమించు మూడింట రెండువంతుల వెలుగు పడినది. రంధ్రమును తగినంత పెద్దది చేసి మీట నొక్కితిని.

పంక్తులు కానవచ్చెను. మేమిద్దఱమును కొంతసేపు పలుకలేదు.

పిమ్మట కుడినుండి, ఎడమనుండి, పైనుండి, క్రిందినుండి నాలుగు విధముల తీసితిమి. ఒక్క పటము చాలదు. వెలుగు పోవు దిక్కునకు సమముగా నున్న గీతకు నీడ పడదు; అడ్డముగా నున్న గీతకే పడును. మన తెలుగక్షరము గుండ్రనిది గనుక ఒక్కొక్క దిక్కు ఒక్కొక్క భాగమును చూపును. క్రిందినుండి వెలుగు వచ్చిన పటములో పల్లములు మిట్టలవలె తోచి కన్ను మోసపోవును. వెలుగు మీదినుండియే వచ్చునని మన కంటికి అలవాటు. నాలుగింటిని ప్రక్కప్రక్కన పెట్టి చూచినపుడే ఉలిదెబ్బ ఏదో, ఊడిన పెచ్చు ఏదో తేలినది.

నేను ‘గణపతి’ యని దిద్దిన చోట రెండు పెచ్చులూడిన గుంటలు. మిగిలినవి వేఱు అక్షరములు. అచ్చట నున్నది ‘చెఱువు వెనుక’ అని. తరువాతి పంక్తిలో ‘మఱుతురు’ అను మాట స్పష్టము. అది పూర్వకాలపు భూమికొలత. అనగా చెఱువుక్రింది నేలను ఎవరో ఎవరికో ధర్మముగా నిచ్చిన దానశాసనము. పైనున్న సూర్యచంద్రులు, ఆ ధర్మము సూర్యచంద్రులున్నంతకాలము సాగవలెనని చెప్పు గుఱుతులు. ఇచ్చినవారి పేరును, శకవర్షసంఖ్యయు రాయి పగిలినచోట పోయినవి. చక్రవర్తియు లేడు, విజయమును లేదు.

“అన్నయ్యా, ఇన్నేండ్లు పిల్లలకు తప్పు చెప్పితిని” అంటిని. ఆయన నాఫోటోవంక చూడక, చీకటిలో చెఱువుగట్టువైపు చూచుచు, “రాజుపేరైన నాకేమి? మన చెఱువుపేరు మన రాతిమీద నున్నది. మెట్లకు వేఱురాయి తెప్పింతము” అనిరి. ఆ రాయి నేటికిని నిలిచియున్నది. పటములను శాసనపరిశోధకులకు పంపితిమి. బడికి పోయి, నేను చెప్పినది తప్పని నాటి పిల్లల పిల్లలకు చెప్పివచ్చితిని.

సోదరులారా! తెలుగున తొలిశాసనమని చెప్పబడు కలమళ్ల శాసనము రేనాటిచోళుల నాటిది, ఇంచుమించు 575 వ సంవత్సరమునకు చెందినది. కడపమండలమున గుడిముంగిట నున్న విఱిగిన రాయియే అది. దానినెవ్వరైన మెట్టుగా వేసియుండిన మన భాష చరిత్రలో మొదటిపుట పోయియుండును. మీ యూరిలో ఏ రాయి ఏమి చెప్పనున్నదో ఎవరెఱుగుదురు?

మీకు ఫ్లాష్ కొనవలసిన పనిలేదు. నేటి రాత్రియే ఒక చేతిబ్యాటరీదీపము తీసికొని పొండు. దీపమును రాతికి ఎదురుగా పట్టక, అంచుకడ రాతికి ఆనించినంత వాలుగా పట్టి, నాలుగు ప్రక్కలనుండి మెల్లగా త్రిప్పుచు చూడుడు. గీత కానవచ్చెనేని వేఱొకరిచేత దీపము పట్టించి ఫోటో తీయుడు; రాతిప్రక్కన ఒక కొలబద్ద నుంచుడు. సుద్ద పూయకుడు, నూనె రాయకుడు, ఆమ్లముతో కడుగకుడు, ఇసుకపిచికారీ చేయింపకుడు. నేను చేసిన సుద్దతప్పు మీరు చేయవలదు. అక్షరమున్నదని తోచిన, మీ రాష్ట్రపు పురావస్తుశాఖకు గాని, మైసూరునందున్న కేంద్రప్రభుత్వ శాసనవిభాగమునకు గాని వ్రాయుడు. చదువ నేర్చినవారు కాగితముపై అచ్చుతీసి చదువుదురు.

గుడి బాగుచేయుట పుణ్యమే. బాగుచేయుటకు ముందు ఒక్కరాత్రి దీపము పట్టుకొని చూచుట మఱచిపోకుడని మీకు మనవిచేసి, సెలవు తీసికొనుచున్నాను.